రిపోర్టింగ్ నుంచి చివరి సీటు జేబు దాకా: విమానంలో క్యాబిన్ క్రూ పని అడుగడుగునా

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చిందన్న వార్త వచ్చినప్పటి నుంచి, క్యాబిన్ క్రూగా, అంటే విమానం లోపల ప్రయాణికులను చూసుకునే పనిలో ఉన్న నేను సెలవుకు హనుమకొండ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంటికి వస్తున్నారు. ఇంటర్ అయిపోయిన అమ్మాయి, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న అబ్బాయి, పక్కన వాళ్ల అమ్మో మేనమామో. "అక్కా, విమానంల మీరు అసలు ఏం పని చేస్తరు? చాయ్, బిర్యానీ ఇచ్చుడేనా?" అని అడుగుతారు. నిజాం కాలం నాటి ఆ ఎయిర్‌పోర్టు 1981లో మూతపడింది. అందుకే మా దగ్గర పిల్లల్లో చాలామంది విమానాన్ని ఆకాశంలో చూసినవాళ్లే తప్ప లోపలి పని చూసినవాళ్లు కాదు. వాళ్లను కూర్చోబెట్టి చెప్పే మాటలనే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది, ఇప్పటికీ కొత్తవాళ్లకు మొదట చెప్పేది ఒకటే: చూసి నమ్మొద్దు, ముట్టి చూడాలి. ఇంట్లో అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. విమానంలో ఆ లెక్క కుదరదు. 186 సీట్లుంటే 186 బెల్టులూ చూడాలి. గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, ఎన్ని గడియలుంటే అన్నింటి మీదా చెయ్యి పడాలి.

ఉదాహరణకు హైదరాబాద్ నుంచి దుబాయికి రాత్రిపూట వెళ్లే ఒక ఎయిర్‌బస్ ఏ320 విమానాన్ని తీసుకుందాం. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే మనవాళ్లు ఎక్కే విమానం అది. ప్రయాణం సుమారు 4 గంటలు. ప్రతి 50 సీట్లకు ఒక క్యాబిన్ క్రూ ఉండాలన్నది నియమం, కాబట్టి 186 సీట్లకు నలుగురు. ఇద్దరు ముందు తలుపుల దగ్గర, ఇద్దరు వెనక తలుపుల దగ్గర. వాళ్లలో ఒకరు లీడ్, అంటే క్యాబిన్‌కు పెద్ద. చిన్న చిన్న పద్ధతులు కంపెనీని బట్టి మారతాయి. మీరు చేరిన చోట మాన్యువల్ ఏం చెబితే అదే చెల్లుతుంది.

డ్యూటీకి ముందు

ఇంటర్ పాసై, 18 ఏళ్లు నిండితే దరఖాస్తు చేసుకోవచ్చు. లక్షలు కట్టి బయట ఎయిర్ హోస్టెస్ కోర్సు చేస్తేనే ఉద్యోగం వస్తుందని కొందరు తల్లిదండ్రులు భయపడుతున్నారు. అది తప్పనిసరి కాదు. ఎంపికయ్యాక అసలు శిక్షణ ఎయిర్‌లైనే ఇస్తుంది. అందులో ఎక్కువ భాగం భద్రతే: పొగ నిండిన గదిలోంచి బయటపడటం, మంటలార్పడం, తలుపు నుంచి నేలకు జారే స్లయిడ్ మీద దూకడం, లైఫ్ జాకెట్‌తో నీళ్లలో దిగడం, సీపీఆర్, కాన్పు వస్తే ఏం చేయాలన్నది కూడా. ఇది ఒక్కసారితో అయిపోదు, ఏటేటా మళ్లీ పరీక్ష పాసవ్వాలి.

డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మద్యం తాకకూడదు. రిపోర్టింగ్ దగ్గర, అంటే డ్యూటీకి హాజరయ్యే చోట, బ్రెత్ ఎనలైజర్ ఉంటుంది. మొదటిసారి దొరికితేనే 3 నెలల సస్పెన్షన్. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్‌ను కూడా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వద్దంది, కాబట్టి బాత్రూంలో సీసా మీద ఏం రాసుందో చదవండి.

వరంగల్ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ ఎంతసేపు అనుకుని డ్యూటీ రోజే బయల్దేరొద్దు. సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ మరో ప్రయాణం. ఒక రోజు ముందే హైదరాబాద్ చేరి, పడుకుని లేచి వెళ్లండి. నిద్ర లేని క్రూకు అత్యవసరంలో బుర్ర పనిచేయదు.

మొదటి అడుగు: బ్రీఫింగ్

విమానం ఎక్కకముందు నలుగురూ లీడ్ దగ్గర కూర్చుంటారు. ఎవరు ఏ తలుపు, ఎంతమంది ప్రయాణికులు, వీల్‌చెయిర్లు ఎన్ని, చంటిపిల్లలు ఎందరు, అన్నీ అక్కడ తేలతాయి. తర్వాత ప్రశ్నలు. "ల్యాప్‌టాప్ అంటుకుంది, మొదట ఏం చేస్తావ్?" "నీ తలుపు బయట మంట కనిపిస్తే?" సమాధానం తడబడితే ఆ రోజు డ్యూటీ నుంచి దించేయొచ్చు. కొత్తలో దీనికి చాలా టెన్షన్ పడతారు. నా సలహా: జవాబును మాటల్లో బట్టీ పట్టకుండా, చేతులతో ఏం చేస్తారో ఊహించుకుంటూ చెప్పండి. మాట మరిచినా చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

కెప్టెన్ వచ్చి ప్రయాణం ఎంతసేపు, వాతావరణం ఎలా ఉంది, ఎక్కడ కుదుపులు రావచ్చు అన్నది చెబుతారు. కుదుపుల సమయం రాసుకోండి. వేడి చాయ్ ఎప్పుడు పంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

రెండో అడుగు: ఖాళీ విమానంలో తనిఖీ

ప్రయాణికులు రాకముందు దొరికే ఈ కొద్ది నిమిషాలు చాలా విలువైనవి. మీ జంప్ సీట్ దగ్గర, అంటే క్రూ కూర్చునే మడత సీటు దగ్గర మొదలుపెట్టండి. సీటు కిందికి లాగి వదిలితే దానంతటదే పైకి మడుచుకోవాలి. మడుచుకోకపోతే అత్యవసరంలో అదే దారికి అడ్డం. బెల్టు లాగి చూడండి. టార్చి, మీ లైఫ్ జాకెట్, ఆక్సిజన్ బాటిల్ గేజ్, మంటలార్పే హాలాన్ ఫైర్ బాటిల్ ముల్లు పచ్చ గీతలో ఉందా, పొగలో తలకు తొడుక్కునే స్మోక్ హుడ్ సీలు చెక్కుచెదరకుండా ఉందా, మెగాఫోన్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. ప్రతిదానికీ ఒక చోటు ఉంటుంది. కరెంటు పోయి పొగ నిండినా కళ్లు మూసుకుని చెయ్యి చాపితే ఆ వస్తువు దొరకాలి. నేను ఇప్పటికీ ఒకసారి కళ్లు మూసుకుని చేత్తో తడిమి చూస్తాను.

టాయిలెట్లో పొగ కనిపెట్టే యంత్రానికి ఎవరూ ఏమీ అడ్డం పెట్టలేదని చూడాలి. చెత్తబుట్ట మూత వేలితో నొక్కి వదిలితే వెంటనే మూసుకోవాలి. లోపల మంట పుట్టినా గాలి అందకుండా ఆపేది ఆ మూతే. పొగ తాగడం నిషేధం కదా, యాష్‌ట్రే ఎందుకుందని చాలామంది అడుగుతారు. ఎవరైనా దొంగచాటుగా కాలిస్తే, ఆ ముక్కను కాగితాలున్న బుట్టలో వేయకుండా ఉండటానికే అది నియమం ప్రకారం ఉంటుంది.

ఆ తర్వాత సెక్యూరిటీ తనిఖీ. సీటు జేబులు, సీటు కింద, సామాను పెట్టే పై అరలు (బిన్లు), గ్యాలీ డబ్బాలు, టాయిలెట్ మూలలు. మనది కానిది ఏది కనిపించినా ముట్టకుండా లీడ్‌కు చెప్పాలి. ముట్టి చూడాలన్న నా సూత్రానికి మినహాయింపు ఇదొక్కటే.

మూడో అడుగు: బోర్డింగ్

తలుపు దగ్గర నిలబడి నమస్కారం పెట్టడం మర్యాద కోసమే అనుకుంటారు. ఆ రెండు సెకన్లలో మనం మనిషిని చదువుతాం. నడక తూలుతోందా, ఒళ్లు కాలుతోందా, ఊపిరి అందడం లేదా, చేతికి కట్టు ఉందా. మంచి దృఢంగా, నిదానంగా ఉన్న మనుషులను కూడా మనసులో గుర్తుపెట్టుకుంటాం. అవసరం పడితే తలుపు దగ్గర సాయానికి పిలవాల్సింది వాళ్లనే. తాగి తూలుతున్నవాణ్ని ఎక్కించుకోకుండా ఆపడానికి ఇదే చివరి అవకాశం. గాల్లోకి వెళ్లాక దించడం కుదరదు.

గల్ఫ్ విమానంలో సగం మంది మొదటిసారి ఎక్కేవాళ్లు ఉంటారు. కంపెనీ పద్ధతి ప్రకారం 'సర్', 'మేడమ్' అనాలి. కానీ బోర్డింగ్ పాస్ పట్టుకుని దిక్కులు చూస్తున్న జగిత్యాల మనిషితో "అన్నా, మీ సీటు ఎడమ దిక్కు, కిటికీ పక్కకు" అంటే ఆ మొహంలో భయం సగం దిగిపోతుంది. ఒకసారి మనవాళ్లు గల్ఫ్‌కు తిరిగి పోయే రోజుల్లో ఒక పెద్దాయన సంచీ నాకిచ్చి, "బిడ్డా, ఇండ్ల బంగారం ఉన్నది, పైలం" అన్నారు. పక్కనున్న తోటి క్రూ, ఉత్తరాది అమ్మాయికి నేను ఆ మాట అర్థం చెప్పేసరికి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అది మేడారం బెల్లం. సమ్మక్క సారలమ్మలకు మొక్కే బెల్లాన్ని మనం బంగారమే అంటామని, ఆయన దాన్ని దుబాయిలో తోటి కూలీలకు పంచడానికి తీసుకెళ్తున్నారని చెప్పాను. ఆ సంచీని ఆమే జాగ్రత్తగా పైన సర్దింది.

సామాను విషయంలో మొహమాటం వద్దు. బరువైన బ్యాగు ఎత్తడానికి సాయం చేయొచ్చు, కానీ ఒక్కరే ఎత్తొద్దు. ఈ ఉద్యోగంలో నడుము పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే. నడిచే దారిలో, అత్యవసర ద్వారం వరుసలో ఏదీ కింద ఉండకూడదు.

రెక్కల మీది ద్వారం వరుస గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఏ320కి నాలుగు తలుపులు, రెక్కల మీద నాలుగు ద్వారాలు, మొత్తం ఎనిమిది. రెక్క మీది ద్వారం దగ్గర క్రూ ఎవరూ కూర్చోరు, తెరవాల్సింది ప్రయాణికుడే. ఆ పలక 15 కిలోల దాకా బరువు ఉంటుంది. కాబట్టి పిల్లలు, వృద్ధులు, గర్భిణులు, చంటిబిడ్డతో ఉన్నవాళ్లు అక్కడ కూర్చోకూడదు. చెప్పింది అర్థం కానివాళ్లు కూడా కూర్చోకూడదు. తల ఊపారంటే అర్థమైందని కాదు. "అన్నా, ఇప్పుడు నేను చెప్పింది మీరు నాకు తిరిగి చెప్పండి" అని అడగండి. చెప్పలేకపోతే నవ్వుతూనే సీటు మార్చండి.

ప్రయాణికులు లోపల ఉండగా ఇంధనం నింపుతుంటే బెల్టులు పెట్టించకూడదు. తలుపుల దారి ఖాళీగా ఉండాలి, క్రూ తలుపు దగ్గరే ఉండాలి. బయట మంట వస్తే అందరూ క్షణాల్లో లేవగలగాలి కదా.

నాలుగో అడుగు: తలుపు ఆర్మ్ చేయడం

ఈ ఒక్క పనికి ఎంత సమయం తీసుకున్నా నేను తప్పు పట్టను. తలుపు మూసి, లెక్క సరిపోయాక స్పీకర్లో ఆజ్ఞ వస్తుంది: స్లయిడ్లు ఆర్మ్ చేయండి, క్రాస్ చెక్ చేయండి. ఆర్మ్ చేశాక లోపలి నుంచి తలుపు తెరిస్తే, జారుడు బల్లలాంటి స్లయిడ్ కొద్ది సెకన్లలో గాలి నిండి నేల దాకా పరుచుకుంటుంది. ప్రాణాలు కాపాడేది అదే. పొరపాటున తెరిస్తే కింద నిలబడ్డ మనిషిని కొట్టి పడేసేదీ అదే.

ఏ320 తలుపు మీద ఒక చిన్న లివర్, దానికి ఎర్ర రిబ్బన్ కట్టిన ఒక పిన్ ఉంటాయి. ముందు పిన్ తీయాలి. లివర్‌ను కిందికి నొక్కాలి, అది పూర్తిగా కూర్చున్నట్టు అరచేతికి తెలియాలి. పిన్‌ను దాని చోట్లో పెట్టాలి. అప్పుడు ఎదుటి తలుపు దగ్గరున్న సహోద్యోగి వచ్చి నా తలుపు చూస్తారు, నేను వాళ్లది చూస్తాను. ఇదే క్రాస్ చెక్. స్నేహితురాలు చేసింది కదా, సరిగానే ఉంటుందిలే అనుకుని దూరం నుంచి బొటనవేలు చూపించి ఊరుకోవద్దు. నడిచి వెళ్లండి, వంగి చూడండి. ఈ పని చేస్తున్నప్పుడు ప్రయాణికుడు మంచినీళ్లు అడిగినా "ఒక్క నిమిషం" అనండి. పని మధ్యలో మాట కలిస్తేనే పొరపాట్లు జరుగుతాయి.

ఐదో అడుగు: డెమో, క్యాబిన్ సెక్యూర్

డెమో, అంటే బెల్టు, లైఫ్ జాకెట్ లాంటివి ఎలా వాడాలో చేసి చూపించడం, ఎవరూ చూడటం లేదని నిరుత్సాహపడొద్దు. ఒక్కరు చూస్తున్నా ఆ ఒక్కరి కోసం సరిగ్గా చేయండి. లైఫ్ జాకెట్ చూపించేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడే గాలి నింపాలన్న మాటను నొక్కి చెప్పండి. 1996 నవంబర్ 23న హైజాక్ అయిన ఇథియోపియన్ విమానం కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. చాలామంది లోపలే జాకెట్లో గాలి నింపేసుకున్నారు. నీళ్లు నిండుతుంటే ఆ జాకెట్లు వాళ్లను పైకప్పుకు అతికించేశాయి, కిందికి మునిగి తలుపు దాకా రాలేకపోయారు.

తర్వాత ప్రతి వరుస తిరగాలి. బెల్టు, నిటారుగా సీటు, మూసిన ట్రే, తెరిచిన కిటికీ, సీటు కిందికి నెట్టిన బ్యాగు. వీటికి కారణాలు తెలిస్తే ప్రయాణికులు గొడవ పడరు. వాలిన సీటు వెనకవాడి దారి మూస్తుంది. తెరిచిన ట్రే కడుపుకు గుచ్చుకుంటుంది. కిటికీ తెరిచి ఉంటే బయట మంట ఏ వైపు ఉందో కనిపిస్తుంది. రాత్రి లైట్లు తగ్గించేది కళ్లు చీకటికి అలవాటు పడటానికే. ఒక్కసారిగా బయటికి దూకాల్సి వస్తే కళ్లు చీకటి కమ్మకూడదు.

దుప్పటి కప్పుకుని నిద్రపోయిన మనిషి దగ్గరే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. లేపడానికి మొహమాటపడతారు. మెల్లగా భుజం తట్టి, "అన్నా, ఒక్కసారి బెల్టు చూపించండి" అనండి. బకిల్ క్లిక్‌మందో లేదో చూడండి. తల్లి ఒళ్లో చంటిబిడ్డ ఉంటే, తల్లి బెల్టుకు కలిపే చిన్న బెల్టు మీరే చేత్తో తొడిగి చూపించండి. తల్లి బెల్టులోనే బిడ్డనూ బిగిస్తే కుదుపుకు తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది.

గ్యాలీలో ప్రతి గడియ, ప్రతి ట్రాలీ బ్రేకు చేత్తో, కాలితో చూసుకోవాలి. టాయిలెట్లు ఖాళీ చేసి తలుపులు వేయాలి. అప్పుడు లీడ్ కాక్‌పిట్‌కు క్యాబిన్ సెక్యూర్ అని చెబుతారు.

ఆరో అడుగు: జంప్ సీట్‌లో

భుజాల బెల్టు బిగించి, వీపు వెనక్కి ఆనించి, పాదాలు నేలకు సమంగా పెట్టి కూర్చోవాలి. వెనక్కి చూసే సీటైతే తల వెనక్కి ఆనించాలి, ముందుకు చూసే సీటైతే గడ్డం కిందికి. చేతులు తొడల కింద. ప్రయాణికులకు ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తాం. లోపల మాత్రం అర నిమిషం పాటు మౌనంగా ఒక రివిజన్ నడుస్తుంటుంది: నా తలుపు ఎలా తెరవాలి, బయట ఏముంది, టార్చి ఎక్కడ, నేను అరవాల్సిన ఆజ్ఞలేంటి, ఎవరి సాయం తీసుకోవాలి, ఎవరికి నేను సాయం చేయాలి. ఎగిరాక మొదటి 3 నిమిషాలు, దిగేముందు 8 నిమిషాలు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఆ సమయంలోనేనని శిక్షణలో నేర్పిస్తారు. అందుకే ఆ నిమిషాల్లో ముచ్చట్లు పెట్టుకోం. 10,000 అడుగులు దాటేదాకా భద్రతకు సంబంధించని మాట కోసం పైలట్లను పిలవం.

ఏడో అడుగు: గాల్లో ఉన్నప్పుడు

భోజనం పంచే పని గురించి తక్కువే రాస్తాను, అది వారంలో వచ్చేస్తుంది. ట్రాలీని వదిలి ఒక్క అడుగు వేయాలన్నా ఎర్ర పెడల్ తొక్కాలి, అది బ్రేకు. పచ్చది తొక్కితే కదులుతుంది. చాయ్ కప్పు నిండా పోయొద్దు, ఒకరి తల మీదుగా అందించొద్దు. పైలట్లిద్దరికీ వేర్వేరు భోజనం ఇవ్వాలి, ఒకే వంట వల్ల ఇద్దరికీ కడుపు చెడకూడదు. కాక్‌పిట్‌ను ఇంటర్‌ఫోన్‌లో అప్పుడప్పుడు పలకరించాలి. ఒక పైలట్ బయటికి వస్తే క్రూలో ఒకరు లోపలికి వెళ్లి నిలబడాలి. టాయిలెట్లను అరగంటకోసారైనా చూడాలి.

కుదుపు. పెద్ద కుదుపు ముందస్తు చెప్పి రాకపోవచ్చు. వస్తే గ్యాలీకి పరుగెత్తొద్దు. ట్రాలీ బ్రేకు తొక్కండి, వేడి కెటిల్‌ను నేల మీద పెట్టండి, దగ్గర్లో ఖాళీ సీటుంటే కూర్చుని బెల్టు పెట్టుకోండి. సీటు లేకపోతే నేల మీద కూర్చుని సీటు కాళ్లు గట్టిగా పట్టుకోండి. దెబ్బ తగిలి పడిపోయిన క్రూ ఎవరినీ కాపాడలేదు.

గాలి ఒత్తిడి పోవడం. ఆక్సిజన్ మాస్కులు పడితే ముందు మీకు దగ్గరున్న మాస్కు పెట్టుకోండి, కూర్చోండి. 35,000 అడుగుల ఎత్తులో ఆక్సిజన్ లేకుండా తెలివి పనిచేసేది అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకే. ఆ మాస్కుల్లో ఆక్సిజన్ పది పదిహేను నిమిషాలు వస్తుంది, ఆలోగా పైలట్లు 10,000 అడుగులకు దించుతారు. కెప్టెన్ సరేనన్నాక మోసుకెళ్లే ఆక్సిజన్ బాటిల్‌తో లేచి తిరగాలి.

మంట, పొగ. ఒకరు ఆర్పాలి, ఒకరు కాక్‌పిట్‌కు చెప్పాలి, ఒకరు బాటిళ్లు అందిస్తూ ప్రయాణికులను దూరం జరపాలి. ముగ్గురూ మంట మీదికే పరుగెత్తితే ఎవరూ చెప్పనట్టవుతుంది. టాయిలెట్ తలుపు వెనక మంట ఉందేమోనని అనుమానం వస్తే చేతి వెనక భాగంతో తలుపును పైనుంచి కిందికి తాకి చూడండి. అరచేయి కాలితే ఇక ఆ చెయ్యి బాటిల్ పట్టుకోలేదు. వేడిగా ఉంటే తలుపు పూర్తిగా తెరవొద్దు, కొద్దిగా తీసి హాలాన్ కొట్టి మూసేయాలి.

ఇప్పుడు అందరి జేబులో ఫోన్, సంచీలో పవర్ బ్యాంక్. లిథియం బ్యాటరీ అంటుకుంటే ముందు హాలాన్‌తో మంట అణచాలి, తర్వాత నీళ్లు పోస్తూనే ఉండాలి. మంట ఆరినా బ్యాటరీ లోపలి సెల్‌లు ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ రాజుకుంటాయి. ఐస్ వేయొద్దు, దుప్పటి కప్పొద్దు, వేడి లోపలే నిలిచిపోతుంది. పవర్ బ్యాంకును కింది లగేజీలో వేయనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే. పైన అంటుకుంటే మనం ఆర్పగలం, కింద ఎవరు చూస్తారు?

ఒంట్లో బాగాలేని మనిషి. ఇక్కడ మన భాష తెలిసిన క్రూ విలువ తెలుస్తుంది. "పానం మంచిగ లేదు", "కండ్లు తిరుగుతున్నయి", "సోయి తప్పినట్టయితంది" అన్న మాటలు పరాయి ప్రాంతం క్రూకు అర్థం కావు. మీరు వెంటనే మోకాళ్ల మీద వాళ్ల పక్కన కూర్చుని అడగాలి. ఎప్పుడు తిన్నారు, షుగర్ ఉందా, బీపీ గోలీలు వేసుకున్నారా, ఛాతీలో నొప్పి ఉందా, అది చేతికి పాకుతోందా. ఊరి నుంచి పొద్దున బయల్దేరి, టెన్షన్‌తో రాత్రిదాకా ఏమీ తినకుండా విమానం ఎక్కి కళ్లు తిరిగి పడినవాళ్లను చాలామందిని చూశాను. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకుని, తెలివిలోకి వచ్చాక తియ్యటి జ్యూస్ తాగిస్తే చాలామంది తేరుకుంటారు. సోయి లేని మనిషి నోట్లో మాత్రం చుక్క నీరు కూడా పోయొద్దు. ఊపిరి లేకపోతే నడక దారిలో గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్: 30 నొక్కులు, 2 ఊపిర్లు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఇంకొకరు డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని ప్రకటించాలి, కెప్టెన్‌కు చెప్పాలి.

గొడవ చేసే ప్రయాణికుడు. గొంతు తగ్గించి మాట్లాడండి, మీరొక్కరే ఉండొద్దు, మద్యం ఆపండి, హెచ్చరించండి, కెప్టెన్‌కు చెప్పండి, అన్నీ రాసిపెట్టండి. డీజీసీఏ 2017 నియమాల ప్రకారం మాటలతో వేధిస్తే 3 నెలల దాకా, చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణాపాయం కలిగిస్తే 2 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ కాలం విమానయాన నిషేధం పడుతుంది. ఇంకా పెద్ద ముప్పు వస్తే కబురు ముందు కాక్‌పిట్‌కు చేరాలి. 1986 సెప్టెంబర్ 5న కరాచీలో పాన్ యామ్ విమానంలోకి సాయుధులు చొరబడినప్పుడు ఆ విమానం లీడ్ నీరజా భనోత్ చేసిన మొదటి పని పైలట్లను హెచ్చరించడమే. పైలట్లు బయటపడటంతో విమానం అక్కడినుంచి కదల్లేదు. 22 ఏళ్ల ఆమె ప్రయాణికులను కాపాడుతూ ప్రాణం ఇచ్చింది. దేశం అశోక చక్ర ఇచ్చింది.

ఎనిమిదో అడుగు: దిగడం

కిందికి దిగడం మొదలైందని కెప్టెన్ చెప్పగానే అమ్మకాలు, భోజనాలు బంద్. ఐదో అడుగులో చెప్పిన తనిఖీ అంతా మళ్లీ మొదటినుంచి. ఒక్క తేడా ఉంది: ఇప్పుడు అందరూ అలసిపోయి ఉంటారు, మీరు కూడా. గ్యాలీ గడియలు మర్చిపోయేది ఈ సమయంలోనే.

చక్రాలు నేలకు తాకగానే సగం మంది లేచి బిన్లు తెరుస్తారు. ఏళ్ల తర్వాత ఇంటికి వచ్చే మనిషి ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా విమానం ఒక్కసారి బ్రేకు వేస్తే పై నుంచి పడే సంచీ పక్కవాళ్ల పాప తల మీద పడుతుంది. మైకులో గట్టిగా తెలుగులో చెప్పండి: "అన్నా, తమ్మీ, విమానం ఇంకా ఆగలేదు, దయచేసి కూర్చోండి." ఇంగ్లీషు, హిందీ ప్రకటనలు విని కదలనివాళ్లు మన మాట విని కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

విమానం ఆగి, ఆజ్ఞ వచ్చాక డిసార్మ్, అంటే ఆర్మ్ చేసినదాన్ని తిరిగి తీసేయడం. లివర్ పూర్తిగా పైకెత్తాలి, పిన్ పెట్టాలి, ఎర్ర రిబ్బన్ కనిపించేలా ఉంచాలి, క్రాస్ చెక్ చేయాలి. తలుపు తెరిచేటప్పుడు హ్యాండిల్‌ను కొద్దిగా మాత్రమే ఎత్తి ఆగండి. స్లయిడ్ ఆర్మ్‌డ్ అని తెల్ల లైటు వెలిగితే అక్కడే ఆపి హ్యాండిల్ కిందికి దించేయండి. ఎర్ర లైటు మెరుస్తుంటే లోపల ఒత్తిడి ఇంకా ఉందని అర్థం, తెరవకూడదు. ఆ ఒక్క సెకను ఆగడం చేతికి అలవాటు కావాలి.

ఖాళీ చేయించాల్సి వస్తే

దీన్ని వరసలో పెట్టలేదు, ఎందుకంటే ఇది ఎప్పుడైనా రావచ్చు. సగం ద్వారాలతోనే 90 సెకన్లలో అందరూ బయటపడేలా ఉందని పరీక్షలో చూపించాకే ఒక రకం విమానానికి అనుమతి ఇస్తారు. ఆజ్ఞ రాగానే ముందు తలుపు కిటికీలోంచి బయట చూడండి. మంట, శిథిలాలు, నీళ్లు ఉంటే ఆ తలుపు తెరవొద్దు, చేతులు అడ్డం పెట్టి ఎదుటి తలుపు చూపించండి. బాగుంటే తెరవండి, స్లయిడ్ నిండకపోతే ఎర్ర హ్యాండిల్ లాగండి, గోడకున్న పట్టీ పట్టుకుని నిలబడండి. లేకపోతే తోసుకొచ్చే జనం మిమ్మల్నే ముందు తోసేస్తారు. ఆజ్ఞలు చిన్నవిగా, గొంతు చించుకుని అరవాలి. నియమం ప్రకారం ఇంగ్లీషులో అరిచాక, మనవాళ్లు ఉన్న విమానంలో తెలుగులోనూ అరవండి: "బెల్టు తీయండి! సామాన్లు వదిలేయండి! ఇటు రండి! దూకండి!"

సామాన్లు వదిలేయడం గురించి ఎంత చెప్పినా తక్కువే. 2024 జనవరి 2న టోక్యో హనేడా రన్‌వే మీద జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 మరో విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ఎనిమిది ద్వారాల్లో మూడే పనికొచ్చాయి. స్పీకర్లు పనిచేయలేదు, క్రూ మెగాఫోన్లతో, గొంతుతోనే నడిపించారు. బ్యాగులు వదిలేసి వచ్చారు కాబట్టి ఆ విమానంలోని 379 మందీ బతికి బయటపడ్డారు. మన గల్ఫ్ అన్న సంచీలో రెండేళ్ల సంపాదన, పిల్లలకు కొన్న బొమ్మలు ఉంటాయి. దాన్ని వదలమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే బోర్డింగ్ అప్పుడే పాస్‌పోర్టు, డబ్బు జేబులో పెట్టుకోమని మెల్లగా చెబుతుంటాను.

చివరి అడుగు: దిగిపోయాక

అందరూ దిగాక లీడ్ రిపోర్టు రాస్తారు: ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఏ సామాను వాడాం, ఏది పాడైంది. వాడిన ఆక్సిజన్ బాటిల్, తెరిచిన ఫస్ట్ ఎయిడ్ పెట్టె రాయకుండా వదిలితే తర్వాతి క్రూకు ఖాళీ బాటిల్ మిగులుతుంది.

ఆ తర్వాత మళ్లీ వరుస వరుసకూ నడవాలి, ప్రతి సీటు జేబులోకి చెయ్యి పెట్టాలి. ఒకసారి దుబాయిలో 23వ వరుస జేబులో మ్యాగజైన్ వెనక నా వేళ్లకు గట్టి అట్ట తగిలింది. తీస్తే పాస్‌పోర్టు, లోపల మడతపెట్టిన వీసా కాగితం. పై నుంచి చూస్తే ఆ జేబు ఖాళీగానే కనిపించింది. లీడ్‌కు చెప్పి, గ్రౌండ్ స్టాఫ్‌ను వెంటబెట్టుకుని విమానం నుంచి టెర్మినల్‌కు నడిచే ఏరోబ్రిడ్జి చివరిదాకా వెళ్లాను. ఒక పాతికేళ్ల సిరిసిల్ల అబ్బాయి జేబులన్నీ తిరగేసుకుంటూ, చెమటతో తడిసిపోయి అక్కడ నిలబడి ఉన్నాడు.